మాటవరసకు అన్న సరే

కాదిజ్, స్పెయిన్
అక్టోబరు, ఆదివారం

అమ్మా,

పొద్దుగాలనే ఫోన్ల మాట్లాడుకున్నం, మల్ల ఈ కాయితం ఏందని అనుకుంటవ్ కావచ్చు. నీ ఫోన్ల ముచ్చట చెప్పుడంటె మైత్రీవనం చౌరస్తల మైకు పట్టుకున్నట్టే. నువ్వు వంటింట్ల పోపుడబ్బాకు ఫోన్ ఆనిచ్చి స్పీకర్ పెడ్తవ్. నేను "అమ్మా" అంటె నువ్వు పలికేలోపల్నే హాస్టల్ పిల్లలు పదిమంది "హాయ్ దివ్యక్కా, సముద్రం చూపియ్" అంటరు. మంగవ్వ కూరగాయలు కోసుకుంట "బక్కగైనవ్ బిడ్డా" అంటది. బాపు ఎనుకకెల్లి "ఆడ టైమెంతయింది" అని అడుగుతడు, రోజు అదే అడుగుతడు. నీకొక్కదానికే ఒక మాట చెప్పాల్నంటె జాగ దొరుకతలేదు. గందుకే రాసి, ఫోటో తీసి పంపుతున్న. ఒక్కదానివే కూసోని చదువు.

ఊరు మంచిగుంది. మూడు దిక్కుల సముద్రమే. సందులు మన అమీర్‌పేట సందుల లెక్కనే ఇరుకు, బాల్కనీలకు బట్టలు ఆరేసి ఉంటయి, కాకపోతె కోర్సుల పాంప్లెట్లు చేతుల పెట్టేటోళ్లు లేరు. సాయంత్రం ముసలమ్మలు ఇంట్లకెల్లి మడత కుర్చీలు, బల్ల మోసుకొచ్చి ఇసుకల వేసుకుంటరు, తంబోలా ఆడుతరు. ఒకామె అంకెలు పిలుస్తుంటె మిగిలినోళ్లు కొట్లాడుకుంటరు. సముద్రం దిక్కు ఒక్కరు చూడరు. తూర్పుకెల్లి ఒక గాలి వస్తది, అది మొదలైతె వారం తగ్గదు, అందరికి చిరాకు లేస్తది. ఆ గాలప్పుడు ఎవలేమన్నా పట్టించుకోవద్దని ఈడ ఒక ఒప్పందం ఉన్నది. మన హాస్టల్ల పరీక్షలప్పటి లెక్క.

నేనుంటున్న ఇంటామె పేరు పిలార్. నీకంటె పదేండ్లు పెద్దది. మార్కెట్ల చేపల దుకాణం ఉంది. మొగడు పోయిండు, పిల్లల్లేరు. మా ఎక్స్‌చేంజ్ స్టూడెంట్లకు ఇండ్లు చూపించేటోళ్లే ఈమె అడ్రసు ఇచ్చిన్రు. మంచామె. కాని అమ్మా, నేను ఈడికొచ్చినంక చాన దినాలు ఆకలితోనే పండుకున్ననంటె నమ్ముతవా? నవ్వకు.

వచ్చిన మొదటి దినం చేపలు వేయించి, ఆలుగడ్డ గుడ్డట్టు వేసి, "తింటవా?" అని అడిగింది. కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయి. నేను నవ్వుకుంట "వద్దు, ఆకలి లేదు" అన్న. అని, రెండోసారి అడుగుతదని నిలబడ్డ. ఆమె సరేనని ప్లేటు మీద మూత పెట్టి, ఫ్రిజ్‌ల పెట్టి, టీవీ ముందు కూసుంది. నేను అట్లనే నిలబడి టీవీ చూసిన, ఒక్క ముక్క అర్థం కాకున్నా. తెల్లారి మల్ల అడిగింది, మల్ల వద్దన్న, మల్ల మూత పెట్టింది. ఇట్ల కొన్ని దినాలైనంక అడుగుడే మానేసింది. ఒక్కదానికే వండుకుంటుంది. నేను రూంల కూసోని నువ్విచ్చిన కారప్పొడి బ్రెడ్డు మీద చల్లుకోని తింటున్న.

మన హాస్టల్ల కొత్త పిల్ల దిగితె నువ్వేమంటవ్? మొదటి వద్దు సిగ్గుకు, రెండో వద్దు మర్యాదకు, మూడోసారి అడిగితెనే అసలు మాట వస్తది అంటవ్. నేను అదే లోకమనుకున్న. ఈడ మొదటి వద్దే అసలు మాట. ఇప్పుడు పోయి "నాకు ఆకలైతుంది" అనాల్నంటె నోరు వస్తలేదు. నేనే వద్దంటిని గదా.

ఇంకోటి. పొద్దుగాల నువ్వు హాస్టల్ లీజు ముచ్చట తీసినవ్, నేను నెట్‌వర్క్ పోతుందని పెట్టేసిన. నెట్‌వర్క్ మంచిగనే ఉండె. ఆ ముచ్చట మల్ల రాస్త, కోపం చెయ్యకు.

నీ ఆకలి బిడ్డ,
దివ్యశ్రీ


అమీర్‌పేట
అక్టోబరు ఆఖరు

బంగారు బిడ్డా దివ్యా,

పెండ్లైన కొత్తల మా అవ్వకు రాసినంక ఇగో ఇప్పుడే పెన్ను పట్టిన. అక్షరాలు గొర్ల మంద లెక్క ఎటువడితె అటు పోతున్నయి, జర సూసి చదువు. వంటింట్ల కాదు, మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన కూసోని రాస్తున్న. ఈడికి ఎవ్వరు రారు, మెట్రో సప్పుడొక్కటే.

నీ ఉత్తరం చదివి ముందుగాల నవ్విన, ఎన్కకెల్లి కడుపుల మండింది. నలభై మంది పిల్లలకు మూడు పూటలు వండిపెట్టేదాని బిడ్డ బ్రెడ్డు మీద కారప్పొడి చల్లుకుంటదా? ఈ సంగతి సందుల తెలిస్తె నా హాస్టల్ పరువేం గావాలె. అడగందే అమ్మైనా పెట్టదంటరు. నేను అడగకున్నా పెట్టిన గందుకే నువ్వు ఇట్ల తయారైనవ్, నీ తప్పేం లేదు. మొహమాటానికి పోతె మొదటికే మోసం. ఇయ్యాల్నే పో. పోయి, "పిలారమ్మా, నాకు ఆకలైతుంది, పెట్టు" అను. ఆమె చేపలమ్మేటామె, నోరున్న మనిషి అయి ఉంటది. నోరున్నోళ్లకు నోరున్నోళ్లే నచ్చుతరు.

ఈడ అంత మంచిదే. టిఫిన్ల ఉప్మా వారానికి ఒక్క దినమే చేయాల్నని పిల్లలు కాయితం మీద సంతకాలు పెట్టి తెచ్చిన్రు. ఉప్మా తినకుంటనే ఇన్ని సంతకాలు పెట్టే బలం ఎట్లొచ్చిందని అడిగిన. అయినా రెండు దినాలకు తగ్గించిన. నీళ్ల ట్యాంకరోడు రెండు దినాలు ఎగ్గొట్టిండు, పొద్దుగాల చౌరస్తల వాని బండి ముందు కుర్చీ వేసుకోని కూసున్న. ట్రాఫిక్ ఆగింది, పోలీసాయన వచ్చిండు, నీళ్లొచ్చినయి. బాపు సిగ్గుతోని ఎర్రమంజిల్ ఆఫీసుకు ఎన్క సందుల నుంచి పోయిండు.

అసలు సంగతి. మన బిల్డింగు ఓనరు సూర్యనారాయణ గారు శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చిండు. చాయ్ తాగుకుంట, "ఏంటి రుద్రమ్మ గారు, ఉగాదికి లీజు అయిపోతోంది కదా, కొత్త కాగితాలు ఎవరి పేరు మీద రాయించమంటారు?" అన్నడు. నా బిడ్డ పేరు మీద అని చెప్పిన. నువ్వు పోయే ముందట అడిగితె సరే అన్నవ్ గదా, ఫిబ్రవరిల వచ్చినంక హాస్టల్ నేనే చూసుకుంట అని. హోటల్ చదువు చదివినదానివి, నాకంటె మంచిగ నడుపుతవ్. నాకు సుత మోకాళ్లు గుంజుతున్నయి. నీకు అప్పజెప్పి ఓ మూలకు కూసుంట. ఆయన డిసెంబరు దాటినంక సంతకాలు పెట్టుకుందాం అన్నడు. ఫోన్ల ఈ మాట ఎత్తితె నీ నెట్‌వర్క్‌కు జరం వస్తుంది, గందుకే రాస్తున్న. పక్కానా కాదా చెప్పు.

కడుపు నిండ తిను.

రుద్రమ్మ


కాదిజ్
డిసెంబరు, సెలవులకు ముందు

అమ్మా,

జవాబు రాసుడు ఆలస్యం చేసిన. రాసేది లేక కాదు, రాస్తె ఏమైతదో అని.

ముందు తిండి ముచ్చట. నువ్వు చెప్పినట్టే పోయి, నాకు ఆకలైతుంది అన్న. పిలార్ చేతుల పని ఆపి నా దిక్కు చూసింది. "నా వంట వాసనకే నీకు కడుపుల తిప్పుతుందని అనుకున్న. నీ కోసమని కిటికీ తెరిచి వండుతున్న ఇన్ని దినాల సంది" అన్నది. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఆ దినం నేను తిన్న తిండి చూసి ఆమె భయపడింది. అప్పటిసంది దోస్తులమైనం. ఈడ చలికాలం ఇండ్లు మంచుగడ్డల లెక్క ఉంటయి. గుండ్రటి బల్ల మీద నేల దాక జారే మందమైన బట్ట కప్పి, బల్ల కింద కరెంటు కుంపటి పెడ్తరు. ఆ బట్ట మోకాళ్ల మీద కప్పుకోని అందరు బల్ల చుట్టు కూసుంటరు. లేచినోళ్లు చలికి చస్తరు గనక ఎవ్వరు లేవరు, అట్ల కూసోని ముచ్చట్లు పెట్టుడే. నేను నీ గురించి చెప్తె ట్యాంకర్ ముందు కుర్చీ వేసిన కథ మూడుసార్లు చెప్పించుకుంది. "మీ అమ్మ మా మార్కెట్ల ఉండాల్సిన మనిషి" అన్నది.

నవంబరుల కాలేజీవాళ్లు, ఇష్టమున్నోళ్లు జూన్ దాక ఇంకో నాలుగు నెలలు ఉండొచ్చు, ఈడి చిన్న హోటళ్లల్ల పని సుత నేర్చుకోవచ్చు అన్నరు. ఆ మాట పిలార్‌కు చెప్పిన. ఆమె బల్ల కాడ బఠాణీలు ఒల్చుకుంట, "అయితె రూం నీకే ఉంచాల్నా?" అని అడిగింది. నాకు ఉండాల్ననే ఉంది. ప్రాణం లాగుతుంది. నేనేమన్ననో తెలుసా? "వద్దు, నీకెందుకు ఇబ్బంది" అన్న. ఆమె సరే అన్నది. ఇంకేదో మాట తీసింది.

నేను రూంలకు పోయి తలుపు పెట్టుకోని ఏడ్చిన. తెలిసి తెలిసి మల్ల అదే చేసిన చూడు. తిండి కాడ నేర్చుకున్నది ఈడికొచ్చేసరికి ఏమైందో. తెల్లారి మార్కెట్‌కు పోయిన. ఆమె చేపల మీద ఐసు చల్లుతుంది, ముందు ఇద్దరు గిరాకీలున్నరు. వాళ్ల ముందటనే, నేను వద్దన్న గాని నాకు కావాలె అని చెప్పిన. నా స్పానిష్ సగం చేతులతోనే. ఆమె ఐసు చల్లుడు ఆపి, "మరి వద్దని ఎందుకన్నవ్? నేనేమన్న సోది చెప్పేదాన్నా?" అన్నది. అప్పటికే ఆ రూం ఇంకో పిల్లకు ఇద్దామని అనుకుందట, ఇంక మాట ఇయ్యలేదట. "రూం నీదే. కాని ఒక్కటి చెప్పు. మీ ఇంట్ల సుత నువ్వు ఇట్లనే ఉంటవా? కావాలంటె వద్దని, వద్దంటె కావాలని?" అని అడిగింది. గిరాకీలిద్దరు నా దిక్కే చూస్తున్నరు, నా జవాబు కోసం.

అమ్మా, నేను నీకు చెప్పిన సరే సుత అసొంటిదే. నాకు హాస్టల్ వద్దు.

రాసిన. ఇంక ఆపను, ఆపితె మల్ల రాయలేను. నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు మొదటి అంతస్తుల ఎన్క రూం నాది. యాదికుందా, కిటికీల నుంచి పక్కింటి మామిడికొమ్మ అందుతుండె. నువ్వొచ్చి, "దివ్యా, ఈ రూంల మూడు మంచాలు పడ్తయి, పిల్లలకు ఇద్దామా?" అని అడిగినవ్. నేను "ఇయ్యి, నాకేంది" అన్న. నువ్వు సరేనని పోయినవ్. పరాయి పిల్లలకు చారు వేసుకోమని మూడుసార్లు అడిగే అమ్మవు నువ్వు. నన్ను ఒక్కసారే అడిగినవ్. నువ్వు మల్ల తిరిగొస్తవని నేను ఆ సాయంత్రమంత మంచం మీద పుస్తకాలు సర్దకుంట కూసున్న. మంచాలు మోసేటోళ్లే వచ్చిన్రు.

అప్పటిసంది నేను బియ్యం బస్తాల రూంల పండుకున్న. నా బట్టల పెట్టె ఆ రూంలనే, వాళ్ల మంచం కిందనే ఉండిపోయింది. బడికి పోయే ముందు నా బట్టల కోసం నేనే తలుపు కొట్టి, "అక్కా, లోపలికి రావాల్నా" అని అడుగుతుంటి. ఒకామె నిద్ర పాడైందని తిట్టేది. నీకు చెప్పలే. ఇంకోటి చెప్పాల్నా? నేను నిన్ను "రుద్రమ్మా" అని పేరు పెట్టి పిలిస్తె అందరు నవ్వేటోళ్లు, గారాబమనుకునేటోళ్లు. అమ్మా అంటె నువ్వు తిరిగి చూడవు గనక పిలిచిన. ఇల్లంత అమ్మా అనేటోళ్లే. పేరు పెడితెనే ఇటు చూసేదానివి. వాళ్లంటె నాకు కోపం లేదు, ఇంటికి దూరంగ వచ్చిన పిల్లలు. కాని నీ మీద ఉంది. చాన ఏండ్ల సంది ఉంది. ఈడికి నేను చదువు కోసం వచ్చిన్నని అందరికి చెప్పిన. లోపలికెల్లి గడియ పెట్టుకునే తలుపు కోసం వచ్చిన.

కడుపు చించుకుంటె కాళ్ల మీద పడ్తదంటరు. పడనియ్యి. నేను జూన్ దాక ఈడనే ఉంట. దాని తర్వాత ఏదన్న హోటల్ల ఉద్యోగం చూసుకుంట. హైదరాబాదులనే కావచ్చు, ఇంకో ఊర్ల కావచ్చు. హాస్టల్ల మాత్రం కాదు. సూర్యనారాయణ గారికి నా పేరు రాయొద్దని చెప్పు. నువ్వు ఇన్నేండ్లు కష్టపడి నిలబెట్టింది నేను వద్దంటున్నని నాకు తెలుసు. నీ మోకాళ్ల సంగతి తెలిసి సుత అంటున్న. గా పాపం నాకు తగులుతదో ఏమో. కాని మల్ల సరే అంటె, ఈసారి జీవితమంత కారప్పొడి బ్రెడ్డే తినాలె.

కోపమొస్తె తిట్టు. మాట్లాడుడు మాత్రం బంద్ పెట్టకు.

నీ బిడ్డ,
దివ్యశ్రీ


ఎర్రమంజిల్, ఆఫీసు నుంచి
డిసెంబరు ఆఖరు

చిరంజీవి దివ్యకు,

బాపు రాస్తున్న. అమ్మ ఫోన్ల పొడిపొడిగ మాట్లాడుతుందని నువ్వు ఫికర్ పడుతున్నట్టు మంగవ్వ చెప్పింది. నువ్వేం రాసినవో నాకు తెల్వదు, అడగలే. మీ ఇద్దరి నడుమల దూరితె నాకే దెబ్బలు.

నీ ఉత్తరం వచ్చిన దినం మీ అమ్మ బియ్యం బస్తా మీద కూసోని చానసేపు లేవలే. ఆ దినం పప్పుల ఉప్పు రెండుసార్లు పడ్డది. పిల్లలు నోరు మెదపకుంట తిన్నరు, ఆమె మొఖం అట్ల ఉండె. అప్పటిసంది పగటిపూట బువ్వలైనంక చీర మార్చుకోని పంజాగుట్ట దిక్కు పోతుంది. ఎటని అడిగితె, "పోతున్న" అంటది. మొన్న పక్కింటోళ్లు ఆమెను ఆడ మెట్రో మెట్లు గబగబ దిగుతుంటె చూసిన్రట. ఇంట్లనేమో మోకాళ్లంటది. నాకేం సమజయితలేదు.

పైలం బిడ్డా. చలికి కాళ్లకు సాక్సులు వేసుకో.

మీ బాపు,
సారయ్య


అమీర్‌పేట
జనవరి

దివ్యా, నా తల్లీ,

చాన దినాలు తీసుకున్న. నువ్వు బుగులు పడి ఉంటవ్. నాకు పని కాకముందే రాసుడు రాదు, కాబట్టి పని ఐపోయినంకనే రాస్తున్న.

నీ ఉత్తరం చదివినప్పుడు ముందుగాల మస్తు కోపమొచ్చింది. ఇంత చేసినదాన్ని, నన్ను ఇంత మాటంటదా అని. తర్వాత నువ్వు బట్టల కోసం తలుపు కొట్టిన కాడికి వచ్చిన. నాకు తెల్వదు బిడ్డా. ఒక్కనాడు సుత నా కండ్లబడలే. నేను ఆ టైంల కింద ఇడ్లీ వాయి తీస్తుండొచ్చు. అది చదివి బస్తా మీద కూలవడ్డ. ఏడ్చిన. మంగవ్వ వచ్చి ఏమైందంటె ఉల్లిగడ్డలు అన్న. ఉల్లిగడ్డలు ఆమె చేతులనే ఉన్నయి.

రూం ముచ్చట మీద నేను నీకు మాఫీ అడగ. అప్పుడు గా మూడు మంచాలు వెయ్యకపోతె హాస్టల్ నిలవకపోయేది, మనం మల్ల ఊరికి పోయి ఇంకోని పొలంల కలుపు తీసుకుంట ఉండేటోళ్లం. మల్ల అదే దినం వస్తె మల్ల అదే చేస్త. నీకు అబద్ధం చెప్ప. కాని బాధ అయింది. చాన బాధ అయింది. నీకు అన్నం తక్కువ చెయ్యలే, ఫీజు తక్కువ చెయ్యలే, ఇంకేం కావాలె అనుకున్న. నేను తక్కువైనట్టు నాకు ఎరుక లేదు.

ఇగ ఇది ఇను. ఇది చదివినంక నువ్వు సుత నా లెక్కనే నవ్వుతవ్, లేకుంటె తిడుతవ్.

నువ్వు విమానం ఎక్కే ముందట నేను నిన్ను హాస్టల్ చూసుకుంటవా అని అడిగిన గదా. నేను మాటవరసకు అడిగిన. మీ మేనత్త వచ్చినప్పుడల్ల, "ఉన్నదొక్క బిడ్డ, ఆమెకు గాక ఎవరికిస్తవ్" అని చెవుల పోరు పెట్టింది. తల్లి అన్నంక అడగాలె, అడగకుంటె మంచిగుండదు. నువ్వు "నాకొద్దు" అంటవని ధైర్యంతోనే అడిగిన. నువ్వు నవ్వుకుంట సరే అన్నవ్. నా చేతుల తాళాల గుత్తి గుంజుకున్నట్టయింది. కాని, నోరు జారిన మాట ఎనకకు ఎట్ల తీసుకుంట? నువ్వేమో అమ్మ కష్టపడ్డదని కాదనలే, నేనేమో బిడ్డ ఆశ పడ్డదని కాదనలే. ఇద్దరం కలిసి సూర్యనారాయణ గారికి చాయ్ పోసుకుంట కూసున్నం.

నా మోకాళ్లకేం కాలే. నీకు ఇయ్యాలె గనక, ఇయ్యబుద్ధయ్యేటట్టు నాకు నేనే చెప్పుకున్న సాకు అది.

నిజం చెప్పాల్నా దివ్యా? ఊర్ల నేను మల్లయ్య బిడ్డను, ఎన్కకెల్లి సారయ్య పెండ్లాన్ని. పిలిచేటోళ్లందరు అట్లనే పిలిచిన్రు. అమీర్‌పేటకు వచ్చినంకనే నాకు పేరొచ్చింది. ఆటోవాళ్లకు సుత రుద్రమ్మ హాస్టల్ కాడ అంటె తెలుసు. ఎక్కడెక్కడి పిల్లలో వస్తరు, ఏడుసుకుంట దిగుతరు, ఉద్యోగం దొరికి మిఠాయి డబ్బా పట్టుకోని పోతరు. ట్యాంకరోనితోని కొట్లాడుడు నాకు కష్టమనుకున్నవా? నాకు గదే పండుగ. పొద్దుగాల లేవంగనే ఇయ్యాల ఎవనితోని పంచాయితీ ఉందా అని హుషారుగ లేస్త. నేను నీకోసమని త్యాగం చేసిన్నని నువ్వనుకున్నవ్, నేను సుత అందరికి అదే చెప్పుకున్న. అట్ల చెప్తె ఆడదానికి మర్యాద. అసలు మాటేందంటె, ఇది నాకు కావాలె. నీకు ఇయ్యబుద్ధి కాలే.

నువ్వు వద్దన్నదానికి మొదట గుండె మండింది గాని, తెల్లారి లేచేసరికి ఒళ్లు తేలికైంది. గందుకే పంజాగుట్ట పోయిన. ఆడ మెట్రోకు దగ్గర్నే ఒక బిల్డింగు ఖాళీ అయిందని ముందే విని ఉంటి, నీకు అప్పజెప్పేదాన్ని నాకెందుకని ఊకున్న. ఆఫీసులల్ల పనిచేసే ఆడపిల్లలకు హాస్టల్ పెడుతున్న. రెండోది. బేరం కుదిరింది, సున్నం వేస్తున్నరు. సూర్యనారాయణ గారి కాగితాలు సుత నా పేరు మీదనే రాయించిన. "అదేంటండీ, అమ్మాయి పేరన్నారు కదా?" అన్నడు. అమ్మాయికి వేరే పనులున్నయి సార్, నాకు ఇదే పని అన్న. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోని మల్ల పెట్టుకున్నడు. మీ బాపు ఇంటికొచ్చినంక విని, మంచినీళ్లు తాగి, "సరే తియ్యి" అన్నడు. ఆయన సరేను సుత ఒకసారి గట్టిగ అడిగి చూడాలె.

కాబట్టి నేను నిజంగ ఇద్దామనుకున్నది దేన్నీ నువ్వు కాదనలే. పాపం తగులుతదని భయపడకు. జూన్ దాక ఉండు, అటెన్క నీ ఇష్టమున్న కాడ పని చేసుకో. పంజాగుట్టల నీ కోసం ఒక రూం ఉంచిన్నని నేను రాస్తనని ఎదురుచూస్తున్నవేమో. ఉంచలే. ఉంచితె నువ్వొస్తవని రోజు తలుపు దిక్కు చూసుకుంట కూసుంట. నువ్వు సుత అమ్మ ఉంచిందని మొహమాటానికి వస్తవ్. ఇద్దరికి మంచిది కాదు.

ఇంకొక్కటే ఉంది. దీన్ని చెప్పుటానికే ఇంత రాసిన.

హాస్టల్ పెట్టినసంది నేను ఒక్క దినం దాన్ని ఇడిసి ఉండలే. పెండ్లిళ్లకు పోయినా పొయ్యి దిక్కే పానం. ఎండకాలం పిల్లలు తగ్గుతరు, మంగవ్వ చూసుకుంట అన్నది. బాపు నా పాస్‌పోర్టుకు కాయితాలు పెట్టిండు. నేను నీ కాడికి రావాలనుకుంటున్న. పిలార్ చేపల దుకాణం చూసేదుంది గాని, దాని కోసం కాదు. నీతోని ఉండాలె. నడుమ ఎవ్వరు లేకుంట, ఎవ్వరికి వడ్డించకుంట, నువ్వు చెప్పేది పొద్దుందాక కూసోని ఇనాలె. ఎనిమిదో తరగతి కాన్నుంచి చెప్పు. తిట్టేదుంటె తిట్టు. నేను లేచిపోను, ఆడ నాకు వేరే పనేం లేదు.

పిలార్‌ను అడుగు, నీ రూంల ఇంకొక మనిషి ఉండొచ్చునా అని. దానికంటె ముందు నీకు ఇష్టమేనా చెప్పు. నువ్వు వద్దంటె నేను ఏడుస్త, కాని ఒప్పుకుంట. నాకు మాత్రం రావాల్ననే ఉంది బిడ్డా. మస్తు రావాల్ననుంది.

నిన్ను కన్న,
రుద్రమ్మ